హౌజు నీళ్ళు చెడకుండా

మా ఊరు రాజురా. వార్ధా నదికి అటు బల్లార్పూర్, ఇటు మేము. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటడం మాకు వార్తే కాదు. ఆ ఎండకు పిల్లలు ఆగలేక ఎక్కడ నీళ్ళు కనిపిస్తే అక్కడ దూకుతారు. నదికి, పొలంబాయికి పోయి ప్రమాదం తెచ్చుకుంటారన్న భయంతో మా బాపు పెరట్లోనే ఒక హౌజు కట్టించిండు. పది అడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు, మూడడుగుల నీళ్ళు. సినిమాల్లో చూసే స్విమ్మింగ్ పూల్ కాదు గానీ, పని మాత్రం అదే. దాన్ని చూసుకునే పద్ధతి కూడా అదే.

హౌజు అనే మాట అరబ్బీ నుంచి ఉర్దూ దారిలో మన దగ్గరికి వచ్చింది. మరాఠీ వాళ్ళు హౌద్ అంటారు. బావిని మేము ఇంట్లో బాయి అంటాం, పక్కింటివాళ్ళు విహీర్ అంటారు. 1956 దాకా రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. జిల్లా మారినా, రాష్ట్రం మారినా నీళ్ళ మాటలు మాత్రం ఇంట్లోనే ఉండిపోయినయి.

హౌజు కట్టడం పది రోజుల పని. చూసుకోవడం రోజూ ఉండే పని. "నీళ్ళు మురికైతే తీసి పారబోసి కొత్తవి నింపుకుంటే అయిపాయె గదా" అని చాలామంది అంటారు. బోరు ఆగి ఆగి పోసే ఊళ్ళో ఆ మాట చెల్లదు. ఒక ఘనపుటడుగులో 28 లీటర్ల పైచిలుకు నీళ్ళు పడతాయి. ఆ లెక్కన మా హౌజులో దాదాపు 6,000 లీటర్లు. వారానికోసారి పారబోస్తే నెలకు 24,000 లీటర్లు మట్టిపాలు. కాబట్టి నీళ్ళు మార్చడం కాదు, ఉన్న నీళ్ళు చెడకుండా చూసుకోవడమే అసలు విద్య.

నీళ్ళు ఎందుకు చెడతాయి?

పారే నీళ్ళకు మురికి ముందుకు పోతుంది. నిలిచిన నీళ్ళలో పడ్డదంతా అక్కడే ఉంటుంది. వేపాకు, దుమ్ము, మా వైపైతే బొగ్గు గనుల నుంచి వచ్చే నల్లపొడి, దిగినవాళ్ళ చెమట, తల నూనె, చిన్నపిల్లల మూత్రం. వీటికి ఎండ, వేడి తోడైతే పాచి పడుతుంది. పాచి కింద సూక్ష్మజీవులు దాక్కుంటాయి. ఇక దోమల సంగతి. మా నాయినమ్మ మాట: "నీళ్ళు నిలబడ్డ కాడ దోమ నిలబడ్తది." డెంగ్యూ తెచ్చే ఈడిస్ దోమకు మురుగు కాదు, మంచినీళ్ళే ఇష్టం. నీటి అంచున గోడకు గుడ్లు అంటిస్తుంది. ఆ గుడ్లు నీళ్ళు లేకపోయినా నెలల తరబడి ఎండి బతికే ఉంటాయి. నీళ్ళు తగలగానే పొదుగుతాయి. పిల్ల బయటికొచ్చి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి గోడలు తోమాలి. పారబోస్తే పోయేది నీళ్ళు మాత్రమే, గుడ్డు గోడకే ఉంటుంది. ఇది కూలర్‌కు, డ్రమ్ముకు, పూలకుండీ కింద పళ్ళానికి కూడా వర్తిస్తుంది.

వెచ్చటి నీళ్ళలో ఇంకో ప్రమాదం ఉంది. 2024లో కేరళలో పిల్లల్ని బలిగొన్న "మెదడును తినే అమీబా" గురించి పేపర్లలో చదివే ఉంటారు. నీళ్ళు తాగితే అది రాదు. ముక్కులోకి నీళ్ళు పోతే అక్కణ్ణుంచి మెదడుకు ఎక్కుతుంది. చాలా అరుదు. కానీ వస్తే బతికేవాళ్ళు బహు తక్కువ. వేడి దానికి ఇష్టం, క్లోరిన్ దానికి శత్రువు. వేసవిలో మా హౌజు నీళ్ళు మధ్యాహ్నానికి స్నానానికి కాచినంత వెచ్చగా అవుతాయి. అందుకే క్లోరిన్ లెక్క మేము తేలిగ్గా తీసుకోం.

బ్లీచింగ్ లెక్క

ఈత కొట్టే నీళ్ళలో పదిలక్షల పాళ్ళకు కనీసం ఒక పాలు క్లోరిన్ మిగిలి ఉండాలి. అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము. 6,000 లీటర్లకు 6 గ్రాములు. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ సుమారు 30 శాతమే. కాబట్టి ఒక పాలు కావాలంటే 20 గ్రాముల పౌడర్, రెండు పాళ్ళకు 40 గ్రాములు. మేము రెండు పాళ్ళ లెక్కన వేస్తాం. నీళ్ళలోని మురికి కొంత తినేస్తుంది కదా, తెల్లారేసరికి కనీసం ఒక పాలు మిగలాలి.

ఎప్పుడు వేయాలన్నది కూడా ముఖ్యమే. క్లోరిన్‌ను ఎండ విరగ్గొడుతుంది. పొద్దున వేసింది మధ్యాహ్నానికే చాలావరకు పోతుంది. అందుకే పొద్దు గూకినాక వేస్తాం. రాత్రంతా పని చేస్తుంది. పొద్దున ఎండ ముదరకముందే పిల్లలు దిగి లేచిపోతారు. సాయంత్రం మళ్ళీ దిగాలంటే మళ్ళీ పరీక్ష చేయాల్సిందే. పగలు హౌజు మీద పచ్చ షేడ్ నెట్ కప్పుతాం. పాచి తగ్గుతుంది, ఆకులు పడవు, నీళ్ళు ఆవిరైపోవడం కూడా తగ్గుతుంది. నెట్ లేకపోతే మే నెలలో రోజుకు ఒక సెంటీమీటరు పైనే నీళ్ళు దిగిపోతాయి. మా హౌజుకు అది 65 లీటర్లు, నాలుగు బిందెల పైమాటే.

పౌడర్‌ను నేరుగా హౌజులో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు పోసి, అందులో పౌడర్ కొద్దికొద్దిగా వేసి కర్రతో కలపాలి. పది నిమిషాలు వదిలేస్తే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు మాత్రమే హౌజులో నలుమూలలా పోయాలి. డబ్బా మూత గట్టిగా పెట్టి, తడి తగలని చీకటి చోట ఉంచాలి. మూత తీసి పెట్టిన పౌడర్ కొన్ని వారాల్లో ఒట్టి సున్నమే అవుతుంది.

ఒక హెచ్చరిక గుర్తుపెట్టుకోండి. బ్లీచింగ్‌ను బాత్‌రూం యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. ఒకే బకెట్‌లో ఒకటి తర్వాత ఒకటి కూడా వాడకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. మూసిన బాత్‌రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. హాస్టల్లో బాత్‌రూంలు కడిగేవాళ్ళకు కూడా ఈ మాట చెప్పండి.

వాసన వస్తే శుభ్రమా?

"ఘాటు వాసన వస్తుంది, మందు బాగా వేసినట్టున్నారు" అనుకుంటాం. నిజం తిరగేసి ఉంటుంది. చెమటతో, మూత్రంతో కలిసి క్లోరిన్ వేరే పదార్థాలుగా మారినప్పుడే ఆ ఘాటు వస్తుంది. కళ్ళు మండేది కూడా ఎక్కువగా వాటివల్లే. అంటే ఘాటు ఎక్కువైందంటే మురికి ఎక్కువైందని అర్థం. దిగేముందు ఒక చెంబు నీళ్ళతోనైనా ఒళ్ళు కడుక్కోవాలి, పిల్లల్ని బాత్‌రూంకు పంపించాలి. ఈ రెండూ చేస్తే మందు ఖర్చు తగ్గుతుంది.

కాబట్టి ముక్కును నమ్మకుండా పరీక్షను నమ్మాలి. ఆరోగ్య కార్యకర్తలు కుళాయి నీళ్ళకు చేసే ఓటీ పరీక్ష చూసే ఉంటారు. గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే క్లోరిన్ అంత ఎక్కువ. రంగు రాకపోతే ఆ పూట ఎవరూ దిగకూడదు.

ఇంకో కొలత పీహెచ్. 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే మంచిది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం సూక్ష్మజీవుల్ని చంపే రూపంలో ఉంటుంది. 8.5కు పోతే ఆ సగం కాస్తా పదో వంతు అవుతుంది. బ్లీచింగ్‌లోనే సున్నం ఉంది కాబట్టి వేస్తున్నకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. అంటే ఇంకా ఇంకా వేస్తే బాగవుతుందన్నది సగం నిజమే. పట్టీ మీద రంగు ఎక్కువ చూపిస్తే మేము నాలుగో వంతు నీళ్ళు చెట్లకు వదిలి, కొత్త నీళ్ళు కలుపుతాం. చెట్లకు వదిలే ముందు రెండు మూడు రోజులు మందు వేయకుండా ఎండకు ఉంచుతాం. ఆ రోజుల్లో ఎవరూ దిగరు.

వారం పని

మాది ఆదివారం. ముందు జాలితో ఆకులు, పురుగులు తీస్తాం. కొబ్బరి పీచుతో గోడలు, ముఖ్యంగా నీటి గీత దగ్గర, తోముతాం. నీళ్ళు మబ్బుగా ఉంటే వెయ్యి లీటర్లకు 20 గ్రాముల పటిక కరిగించి పోసి, రాత్రంతా కదపకుండా ఉంచుతాం. సన్నటి మురికి ముద్దకట్టి అడుక్కి దిగుతుంది. పొద్దున తూము కొద్దిగా తెరిస్తే ఆ మడ్డి ముందు పోతుంది. మిగతా నీళ్ళను చిన్న మోటారుతో అరుగు మీది ఇసుక డ్రమ్ములోకి ఎక్కిస్తాం. కింద గులకరాళ్ళు, మీద దొడ్డు ఇసుక, ఆ పైన సన్న ఇసుక. నీళ్ళు వడగట్టుకుంటూ మళ్ళీ హౌజులో పడతాయి. ధార సన్నబడితే పై ఇసుక తీసి కడగాలి.

నీళ్ళు పచ్చబడితే మాత్రం మామూలు మోతాదు చాలదు. గోడలు తోమి, పది పాళ్ళ లెక్కన, అంటే 200 గ్రాములు వేసి, పసుపు రంగు మళ్ళీ మామూలుకు తగ్గేదాకా ఎవర్నీ దిగనివ్వం. విరేచనాలు అయిన పిల్లలు తగ్గినా రెండు వారాల దాకా దిగకూడదు. ఆ జబ్బులు తెచ్చే జీవుల్లో కొన్ని క్లోరిన్‌లో కూడా రోజుల తరబడి బతుకుతాయి.

అన్నింటికన్నా పెద్ద నియమం: పెద్దవాళ్ళు ఒకరు ఒడ్డున కూచోందే పిల్లలు దిగరాదు. మూడడుగుల నీళ్ళు మనకు నడుందాకా, మూడేళ్ళ పిల్లకు తల మునిగేంత. మునిగే పిల్ల అరవదు, చప్పుడు లేకుండా పోతుంది. అందుకే మా హౌజుకు నిచ్చెన, చుట్టూ కంచె, గడియ ఉన్న తలుపు ఉన్నాయి.

తోమేదెవరు?

మొహెంజొదారోలో సుమారు 12 మీటర్ల పొడుగు, 7 మీటర్ల వెడల్పు ఉన్న స్నానవాటిక బయటపడింది. ఇటుకల సందుల్లోంచి నీళ్ళు ఊరకుండా తారు పూశారు. మురికి నీళ్ళు పోవడానికి తూము పెట్టారు. తూము పెట్టారంటే కడిగినవాళ్ళూ ఉన్నారన్నమాట. మనం క్లాసులో చదువుకున్న అష్టాదశ వర్ణనల్లో జలక్రీడ ఉంది. ఆ కొలను మెట్ల పాచి గోకిన చేతులకు ఆ పద్దెనిమిదిలో చోటు లేదు.

మా ఇంట్లో కూడా మొదట అదే నడిచింది. దిగేది తమ్ముడు, వాడి దోస్తులు. తోమేది అమ్మ, నేను. నేను ఏడో తరగతికి వచ్చేసరికి "ఇగ నువ్వు దిగకు బిడ్డా" అన్నారు. తోమొద్దని మాత్రం ఎవరూ అనలేదు. రెండేళ్ళ కింద ఇంట్లో దీనిమీద గట్టిగానే మాట్లాడుకున్నం. చివరికి బాపు గోడ మీద బొగ్గుతో రాసిండు: "దిగినోళ్ళే తోమాలె." ఇప్పుడు ఆదివారం కొబ్బరి పీచు తమ్ముడి చేతిలో ఉంటుంది. పొద్దున ఆరింటికి నేను, చెల్లె, చిన్నమ్మ దిగుతాం. చిన్నమ్మ నలభై ఏళ్ళకు ఈత నేర్చుకుంది. పసుపు రంగు చూసే పని మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు. ఆ లెక్క తెలిసినవాళ్ళ మాటే ఇంట్లో చెల్లుతుంది.

మీ ఇంట్లో హౌజు ఉండకపోవచ్చు. సంపు ఉంటుంది, డ్రమ్ము ఉంటుంది, కూలర్ ఉంటుంది. నిలిచిన నీళ్ళు ఎక్కడున్నా కొలుచుకోండి, తోముకోండి, మూత పెట్టుకోండి. ఆ పని ఎవరి వంతో కూడా ఒకసారి గోడ మీద రాసి చూడండి.