పాత ఆయిలు ఎక్కడుంది?
(పాత బుల్లెట్ బండికి ఇంజను ఆయిలు మార్చే విధానం)



మా నాన్న నూజివీడు దగ్గర ఒక మామిడి తోటకు కాపలా ఉంటాడు. ఎక్కువ బంగినపల్లి, కొన్ని చిన్న రసాలు, గట్టు వెంట కలెక్టర్ కాయల చెట్లు. ఆ తోట షెడ్డులో ఆసామి గారి పాత బుల్లెట్ ఉంది. 1986 మోడలు, 350 సీసీ. గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉంటాయి. కాపు ఉన్నన్నాళ్ళు ఆయన దాని మీదే తోటంతా తిరుగుతారు. కాయ కోతలు అయిపోయాక బండి షెడ్డులో గోనెపట్టా కప్పుకుని పడుకుంటుంది.

రెండేళ్ళ కిందట సంక్రాంతి సెలవులకు నేను తోటకు వెళ్ళాను. అప్పుడే పూత మొదలైంది. ఆసామి గారు ఫోన్ చేసి "రేపు మందు కొట్టించడానికి వస్తున్నా, బండి తీసి ఆయిలు చూసి ఉంచు" అని నాన్నకు చెప్పారు. నాన్న మూత విప్పి డిప్ స్టిక్ తీశాడు. కొసన కాస్త తడి తప్ప ఏమీ లేదు. "ఆయిలంతా కారిపోయిందిరా" అని నన్ను సైకిల్ మీద పంపించి లీటరు డబ్బా తెప్పించాడు. మొత్తం పోసేశాం.

మర్నాడు ఆసామి గారు కిక్కు కొట్టారు. నీలం పొగ షెడ్డంతా కమ్ముకుంది. ఇంజను గాలి పోయే గొట్టంలోంచి ఆయిలు చిమ్మి వెనక టైరు దాకా తడిసింది. ఆయనకు బాగా కోపం వచ్చింది. "ఇంజను పాడైతే ఆ ఖర్చు నీ జీతంలో పట్టుకుంటా" అన్నారు. నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ జీతంలోంచే మా చెల్లి పుస్తకాలు కొనాలి.

సాయంత్రం ఒక పెద్ద వయసు మెకానిక్ వచ్చాడు. అడుగున బోల్టులు విప్పి ఆయిలు దించితే దాదాపు మూడు లీటర్లు వచ్చింది. ఆ ఇంజనుకు పట్టేది సుమారు రెండు లీటర్లే! ఆయన నవ్వి, "ఏవయ్యా, పాత ఆయిలు ఎక్కడుందో చూడకుండా కొత్తది పోశావేంటి? ఇంజనుకేం కాలేదులే" అన్నాడు. ఆయన ఆ రోజు చెప్పింది, తర్వాత రెండు సెలవుల్లో ఆయన దగ్గర కూర్చుని నేను నేర్చుకున్నది మీకు రాస్తున్నాను.

ఆయిలు ఏం పని చేస్తుంది?

ఈ బుల్లెట్ ఇంజనులో పిస్టన్ పైకి కిందికి కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. నిమిషానికి 3000 చుట్లు అంటే సెకనుకు 50 చుట్లు. ఒక్కో చుట్టుకు పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి, అంటే 180 మిల్లీమీటర్లు కదులుతుంది. లెక్క కడితే సెకనుకు సగటున 9 మీటర్లు. లోహం లోహానికి రాసుకుంటూ ఆ వేగంతో పోతే కాసేపటికే పట్టేస్తుంది. రెండింటి మధ్య ఆయిలు పల్చటి పొరలా నిలబడి రాపిడి తగ్గిస్తుంది. వేడిని మోసుకుపోతుంది. మసిని, ఇనుప రజనును కడుగుతుంది. తుప్పు పట్టనివ్వదు.

రాజ్‌దూత్, పాత యెజ్డీ బళ్ళకు కూడా ఇలాగే మార్చాలా అని మీరు అడగవచ్చు. అవి టూ స్ట్రోక్ బళ్ళు. వాటిలో ఆయిలును పెట్రోలులోనే కలిపి పోస్తారు. అది పనిచేసి కాలిపోతుంది. అందుకని ఆ ఇంజనులోంచి దించడానికి ఆయిలు ఉండదు, గేరు పెట్టె ఆయిలు మాత్రం మారుస్తారు. బుల్లెట్ ఫోర్ స్ట్రోక్. దాంట్లో పోసిన ఆయిలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. కాబట్టి మురికి అయ్యాక మార్చాల్సిందే.

ఆయిలు ఎలా మాయమైంది?

బుల్లెట్ పుట్టింది ఇంగ్లండులో. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి, తిరువొత్తియూరులో ఈ బళ్ళు తయారయ్యాయి. ఇంగ్లండులో తయారీ 1970 నాటికే ఆగిపోయినా మన దేశంలో ఆగలేదు. అందుకే ఆ పాత పద్ధతి ఇంజను మన ఊళ్ళల్లో ఇంకా కనపడుతుంది.

ఈ పాత ఇంజనులో ఆయిలుకు విడిగా ఒక గది ఉంటుంది. డిప్ స్టిక్ దిగేది ఆ గదిలోకే. లోపల రెండు చిన్న పంపులు ఉంటాయి. ఒకటి గదిలోంచి ఆయిలు తీసి ఇంజనుకు ఇస్తుంది. పని చేసి కింద గుంటలోకి జారిన ఆయిలును రెండోది తోడి మళ్ళీ గదిలో పోస్తుంది. మన తోట భాషలో చెప్పాలంటే, తొట్టిలోంచి పాదులకు నీళ్ళు పెట్టి, పాదులో మిగిలిన నీళ్ళు మళ్ళీ తొట్టిలోకి తోడినట్టు.

బండి నడుస్తున్నంతసేపు గుంటలో ఆయిలు నిలవదు. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే పంపు సందుల్లోంచి ఆయిలు మెల్లగా గదిలోంచి గుంటలోకి దిగిపోతుంది. ఇది రోగం కాదు, పాత పంపుల స్వభావం అంతే. అప్పుడు డిప్ స్టిక్ తీస్తే గది ఖాళీగా కనపడుతుంది. ఆయిలు మాత్రం ఇంజనులోనే ఉంటుంది. మేము దాని మీద ఇంకో లీటరు పోశాం. అందుకే ఎక్కువైన ఆయిలు పిస్టన్ పక్కనుంచి పైకెక్కి కాలి పొగ అయింది, మిగతాది గొట్టంలోంచి చిమ్మింది.

కాబట్టి చాలాకాలం ఆపిన బండికి ఆయిలు చూసే పద్ధతి ఇది. కింద నేల మీద ఆయిలు మడుగు ఉందేమో ముందు చూడాలి. మడుగు లేకపోతే ఆయిలు ఎక్కడికీ పోలేదన్నమాట. డికంప్రెషన్ లివరు నొక్కి పట్టి కిక్కు మెల్లగా చాలాసార్లు తొక్కాలి. తర్వాత స్టార్ట్ చేసి నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా నడవనివ్వాలి. ఆపి, కొంచెం ఆగి, అప్పుడు డిప్ స్టిక్ చూడాలి. ఏళ్ళ తరబడి ఆపిన బండి అయితే స్టార్ట్ చేయకముందే పాతది దించేయడం మంచిది.

మార్చే విధానం

1. బండిని పది నిమిషాలు నడిపి తేవాలి. వేడి ఆయిలు పల్చబడి, మురికిని తనతో పాటు కిందికి తెస్తుంది. మరీ కాలిపోయేంత వేడి ఉండగా చెయ్యి పెట్టకూడదు.

2. చదునైన నేల మీద సెంటర్ స్టాండు వేయాలి. అడుగున వెడల్పాటి పాత డబ్బా పెట్టాలి. మామిడికాయల ట్రే పనికిరాదు, దానికి అన్నీ కంతలే!

3. ఇంజను అడుగున రెండు డ్రెయిన్ బోల్టులు ఉంటాయి, ఒకటి ఆయిలు గదికి, ఒకటి గుంటకు. రెండూ విప్పాలి. ఒక్కటే విప్పితే కొంత పాత ఆయిలు లోపలే ఉండిపోతుంది. చాలామంది చేసే తప్పు ఇదేనట.

4. దిగిన ఆయిలును చూడాలి. నల్లగా ఉంటే భయం లేదు, మసిని పట్టుకునే గుణం ఆయిలుకు ఉంది. మెరిసే రేకులు కనపడితే మాత్రం లోపల ఏదో అరుగుతోందని అర్థం. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము.

5. కుడి పక్క మూతలో ఉండే ఫిల్టరు తీసి కొత్తది వేయాలి.

6. బోల్టులకు కొత్త వాషర్లు వేసి బిగించాలి. బలం ఉంది కదా అని మరీ బిగిస్తే మరలు చెడిపోతాయి, కేసింగ్ అల్యూమినియం కాబట్టి.

7. కొత్త ఆయిలు ముందు లీటరున్నర పోయాలి. మా మెకానిక్ 20డబ్ల్యూ40 వాడతాడు. డబ్ల్యూ అంటే వింటర్, చలి అని. 20 అనేది చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, 40 అనేది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది.

8. స్టార్ట్ చేసి, పైన హెడ్డుకు పోయే సన్న పైపు నట్టు కాస్త వదులు చేసి చూడాలి. ఆయిలు ఊరితే పంపు పని చేస్తున్నట్టు. ఊరకపోతే వెంటనే ఇంజను ఆపాలి. తర్వాత నట్టు బిగించి, నాలుగైదు నిమిషాలు నడిపి ఆపి, డిప్ స్టిక్ చూస్తూ పై గీత దాకా కొంచెం కొంచెంగా పోయాలి. గీత దాటకూడదు.

ఇది దాదాపు 3000 కిలోమీటర్లకు ఒకసారి చేయాలి. తక్కువ తిరిగినా ఏడాదికి ఒకసారి మార్చాలి. గేరు పెట్టెకు, ఎడమ పక్క చైను పెట్టెకు ఆయిలు వేరు. అవి మరిచిపోకూడదు.

దించిన ఆయిలు ఏం చేయాలి?

ఇది కూడా ఆ రోజు సంగతే. మెకానిక్ దించిన నల్ల ఆయిలును నాన్న ఎత్తుకుని చెట్ల వైపు బయలుదేరాడు. చెద పోతుందని బంగినపల్లి మొదట్లో పోద్దామని. మా వైపు కంచె గుంజలకు పూస్తారు, పశువుల పుండ్లకు రాసేవాళ్ళు కూడా ఉన్నారు. మెకానిక్ పరిగెత్తినట్టే వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పక్కనే బోరు ఉంది. మీరు తాగేది ఆ నీళ్ళే కదయ్యా" అన్నాడు.

వాడిన ఆయిలులో మసితో పాటు అరిగిన లోహాల రజను, రకరకాల రసాయనాలు ఉంటాయి. నేలలో పోస్తే మట్టికి గాలి, నీరు అందవు. వేర్లు దెబ్బతింటాయి. వాన నీళ్ళతో వాగులోకి, బావిలోకి చేరుతుంది. పదేపదే ఒంటికి అంటితే చర్మానికి కూడా మంచిది కాదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. 2016లో వచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిలును అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే చేర్చాలి. మనం చేయగలిగింది, మూత ఉన్న డబ్బాలో పట్టి, డ్రమ్ములో పోగు చేసి అలాంటి వాళ్ళకు ఇచ్చే మెకానిక్ షెడ్డులో అప్పగించడం. శుద్ధి చేస్తే అదే మళ్ళీ ఆయిలుగా పనికొస్తుంది.

ఆసామి గారు మర్నాడు ఇంజను చప్పుడు విని ఏమీ అనలేదు. జీతం కోయలేదు. మాకు పోయింది లీటరు ఆయిలు డబ్బులే. ఇప్పుడు బండి షెడ్డులోంచి తీసినప్పుడల్లా నాన్న ముందు వంగి నేల చూస్తాడు, తర్వాత కిక్కు తొక్కుతాడు, ఆ తర్వాతే డిప్ స్టిక్ తీస్తాడు.

మిత్రులారా, మనలో చాలామంది ఇళ్ళల్లో బండో, ట్రాక్టరో, డీజిల్ ఇంజనో ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. కానీ దేనికైనా కొత్త ఆయిలు పోసే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: పాత ఆయిలు ఇప్పుడు ఎక్కడుంది? దించాక ఎక్కడికి పోతుంది? మొదటి ప్రశ్న అడగక మా నాన్న జీతం పోబోయింది. రెండోది అడగకపోతే మా బోరు నీళ్ళు పోయేవి.

తప్పులుంటే మన్నించి సరిదిద్దగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి