కోరంగివారు

కోనసీమనుండి గౌతమి దాటి, యానాం మీదుగా పోయినచో కోరంగి వచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున అది పేరుపడిన ఓడరేవు. 1835లో మారిషస్ దీవిలో బానిసత్వము రద్దు కాగా, చెరకుతోటల యజమానులు భారతదేశమునుండి ఒడంబడిక కూలీలను విరివిగా రప్పించుకొనిరి. వారిలో తెలుగువారిని ఆ దీవిలో 'కోరంగివారు' అని పిలిచిరి. రేవు పేరే మనుష్యుల పేరైనది.

గడువు తీరిన పిమ్మట కొందరు తిరిగి వచ్చిరి. పెక్కుమంది అచ్చటనే నిలిచిరి. వారి బిడ్డలకు ఆ దీవియే పుట్టినయూరు. కోరంగి పెద్దలు చెప్పగా విన్న మాట. ఇండ్లలో క్రియోల్ భాష పెరిగి, తెలుగు సన్నగిల్లెను. 1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రమైనప్పుడు వారును ఆ దేశపు పౌరులైరి.

మరి వారు తెలుగువారగుదురా? ఇంటిభాష యొక్కటే కొలతయైనచో అవునని చెప్పుట కష్టము. కాని అచ్చటి పాఠశాలలలో తెలుగు బోధింపబడుచున్నది, రామభజనలు సాగుచున్నవి, ఉగాది దేశమంతటికిని సెలవుదినము. ఒక చిన్న సమాజపు పండుగకు దేశమే చోటిచ్చినది.

వారిని పరదేశమున చిక్కుకొనిన మనవారుగా తలచుట తగదని మా అభిప్రాయము. నేడు కోనసీమ బిడ్డలు అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను స్థిరపడుచున్నారు. ఈ ప్రశ్నయే రేపు వారి సంతతికిని ఎదురగును. కోరంగివారి చరిత్ర చెప్పు సమాధానమిది: మారిషస్ వారి దేశము, తెలుగు వారి వారసత్వము, ఒకటి నిలుచుటకు రెండవది తొలగనక్కరలేదు.