దిగువ కృష్ణా డెల్టా వ్యర్థాల నుండి బయోగ్యాస్: మిశ్రమ నిష్పత్తి, లవణ ప్రభావం

ప్రవేశిక

దిగువ కృష్ణా డెల్టాలో వరిగడ్డి, పట్టణాల మురుగు బురద, చెరువుల అడుగుబురద విరివిగా లభిస్తాయి. మూడింటిలోనూ సేంద్రియ పదార్థం ఉన్నందున దేని నుండైనా బయోగ్యాస్ తీయవచ్చునన్న భావన సహజమే. అయితే మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలు ఇరుగుపొరుగు ప్రాంతాలైనా వాటి వ్యర్థాల రసాయనిక స్వభావం ఒకటి కాదు. ఏ వ్యర్థాన్ని దేనితో కలపాలి, దేనిని వేరుగా ఉంచాలి అన్న అంశాన్ని పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

మురుగు వాయువు వినియోగం కొత్తది కాదు. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో దానితో దీపాలు వెలిగించారు. మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ హైదరాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్. అక్కడి వ్యర్థాల నుండి, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన విధానంతో, విద్యుత్తు ఉత్పత్తి చేస్తున్నారు.

వాయురహిత జీర్ణక్రియ

గాలి సోకని తొట్టిలో సూక్ష్మజీవులు జలవిశ్లేషణ, ఆమ్ల జననం, ఎసిటేట్ జననం, మీథేన్ జననం అనే నాలుగు దశలలో పదార్థాన్ని విచ్ఛిన్నం చేస్తాయి. వెలువడే వాయువులో మీథేన్ సాధారణంగా 50-70 శాతం ఉంటుంది. ఆమ్లాన్ని తయారుచేసే జీవులు వేగంగానూ, మీథేన్ జనకాలు నెమ్మదిగానూ పెరుగుతాయి. మేత అధికమైతే ఆమ్లం పేరుకొని వాయూత్పత్తి నిలిచిపోతుంది. సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత దీనికి అనుకూలం కనుక డెల్టా వాతావరణం ఏడాదిలో అధికభాగం సహకరిస్తుంది.

మిశ్రమ నిష్పత్తి

కర్బన-నత్రజని నిష్పత్తి 20-30 మధ్య ఉండటం మేలు. మురుగు బురదలో నత్రజని ఎక్కువ, వరిగడ్డిలో కర్బనం ఎక్కువ. ఉదాహరణకు, ఎండు బురదలో కర్బనం 35, నత్రజని 4.4 శాతం, గడ్డిలో అవి 40, 0.6 శాతం అనుకుందాం. విడివిడిగా నిష్పత్తులు సుమారు 8, 67. ఒక కిలో బురదకు మూడు కిలోల గడ్డి కలిపితే కర్బనం 1.55 కిలోలు, నత్రజని 0.062 కిలోలు, నిష్పత్తి 25 అవుతుంది. గడ్డిలోని లిగ్నిన్ జీర్ణం కాదు కనుక ఇది తొలి అంచనా మాత్రమే. పశువుల మేతకు పోగా మిగిలిన గడ్డినే లెక్కలోకి తీసుకోవాలి. సిలికా, లిగ్నిన్ అధికంగా ఉన్న రైసు మిల్లుల ఊక ఇందుకు తగదు.

లవణ ప్రభావం

గుడివాడ పరిసరాల మంచినీటి చేపల చెరువుల బురదను, దివిసీమ తీరాన ఉప్పునీటి రొయ్యల చెరువుల బురదను ఒకే గాటన కట్టరాదు. లీటరుకు 3.5-5.5 గ్రాముల సోడియం మీథేన్ జనకాలను మందగింపజేస్తుంది; 8 గ్రాములు తీవ్రంగా నిరోధిస్తుంది. సముద్రజలంలో ఇది 10.8 గ్రాములు. అంటే సగం సముద్రపు ఉప్పదనమున్న నీరైనా చిక్కే. పైగా సముద్రజలంలోని సల్ఫేట్‌ను క్షయకరణం చేసే జీవులు మీథేన్ జనకాలతో ఆహారం కోసం పోటీపడి, ఇంజన్లను తినివేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేస్తాయి.

ముగింపు

కాబట్టి గుడివాడ ప్రాంతంలో బురద-గడ్డి మిశ్రమం, మచిలీపట్నంలో బురదతోపాటు మార్కెట్ తడిచెత్త అనుకూలం. దివిసీమలో ఉప్పుబురదను పశువుల పేడ వంటి ఉప్పులేని వ్యర్థంతో పలుచన చేయాలి. లేదా దానిని పూర్తిగా మినహాయించాలి. జీర్ణక్రియ తరువాత మిగిలే బురదలో నులిపురుగుల గుడ్లు నశించవు కనుక తగిన శుద్ధి లేకుండా దానిని పొలాలకు తరలించరాదు. తొట్టి పరిమాణాన్ని నిర్ణయించే ముందే వర్షాకాలంలోనూ వేసవిలోనూ వ్యర్థాల సోడియం, సల్ఫేట్ పరిమాణాలను కొలవాలి. ఈ ప్రాంత కళాశాలల ప్రయోగశాలలు ఆ పనిని చేపట్టగలవు.