హాజరు తగ్గితే బడిలో పేరు తీసేయవచ్చా?

మిర్చి కోతల కాలం వస్తే కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో గుంటూరు ప్రాంతానికి బయలుదేరతాయి. క్రిస్మస్ ఆరాధనలో ముందు వరుసలో కూర్చుని పాటలు పాడిన పిల్లలు జనవరి ఆదివారాల్లో కనబడరు. సండే స్కూలులో కనిపించే ఆ ఖాళీ బడిలోనూ ఉంటుంది. కోతలు ముగించుకుని తిరిగి వచ్చాక వారిలో కొందరికి బడి గుమ్మం దగ్గర ఒక మాట ఎదురవుతుంది: "ఇన్ని రోజులు రాలేదు కదా, నీ పేరు కొట్టేశాం." తల్లిదండ్రులు ఆ మాటను కోర్టు తీర్పులా తలవంచి వింటారు. పిల్లవాడి చదువు అక్కడితో ఆగిపోతుంది.

వలస వెళ్లినవారికే ఇలా జరుగుతుందనుకోవద్దు. జబ్బు చేసి రెండు నెలలు మంచాన పడిన పిల్ల, చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయిన అక్క, ఫీజు బకాయి ఉందని ప్రైవేటు బడికి వెళ్లడం మానేసిన అబ్బాయి కూడా ఇదే మాట వింటున్నారు.

ఈ మాట చెల్లుతుందా? ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ పిల్లనూ బడి నుంచి వెళ్లగొట్టకూడదని మన దేశ చట్టం చెబుతోంది. ఈ సంగతి మన సంఘాల్లో చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల నష్టపోయేది పిల్లలు గనుక, ఈ వారం దీన్ని కొంత వివరంగా చెప్పుకుందాం.

బడిలో రెండు రిజిస్టర్లు

ప్రతి బడిలో పిల్లల పేర్లు రెండు పుస్తకాల్లో ఉంటాయి. రోజూ టీచరు పేరు పిలిచి గుర్తు పెట్టేది హాజరు పట్టీ. అది నెలనెలా మారుతుంది. రెండోది అడ్మిషన్ రిజిస్టరు. ఇది హెడ్మాస్టరు దగ్గర భద్రంగా ఉండే శాశ్వత పుస్తకం. పిల్ల చేరిన రోజున ఒక అడ్మిషన్ నంబరు వేసి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, చేరిన తరగతి అందులో రాస్తారు. బడి విడిచిన రోజున అదే వరుసలో ఆ తేదీ, కారణం, టీసీ వివరం రాస్తారు.

పేరు కొట్టేయడం అంటే నిజానికి ఆ చివరి గడులు నింపడమే. పిల్ల వేరే బడికి టీసీ తీసుకుని వెళ్లినా, ఆ బడిలో ఉన్న చివరి తరగతి పూర్తి చేసినా, మరణించినా ఆ గడులు నింపడం న్యాయం. కానీ పిల్ల ఎక్కడుందో విచారించకుండా, ఇంకో బడిలో చేరిందో లేదో తెలుసుకోకుండా నింపితే, ఆ పిల్ల ఇప్పుడు ఏ బడికీ చెందదు.

ఈ పుస్తకం విలువ చదువుతోనే ముగియదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ఒకరి వయసు తేల్చవలసి వచ్చినప్పుడు ముందుగా చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్. బాల్యవివాహాన్ని ఆపాలన్నా, పనిలో పెట్టిన పిల్లను విడిపించాలన్నా ఆ రిజిస్టరులోని ఒక్క వరుస ఎంతో అక్కరకు వస్తుంది.

75 శాతం లెక్క ఎక్కడిది?

"75 శాతం హాజరు లేకపోతే పేరు తీసేస్తారట" అని తల్లులు భయపడుతుంటారు. రెండు వేర్వేరు సంగతులు ఇక్కడ కలిసిపోయాయి. సీబీఎస్ఈ బడుల్లో పది, పన్నెండు తరగతుల బోర్డు పరీక్ష రాయడానికి 75 శాతం హాజరు అడుగుతారు. తీవ్రమైన జబ్బు వంటి కారణాలకు ఆధారాలు చూపితే కొంత మినహాయింపు కూడా ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకుముందు ఉన్న అమ్మఒడి పథకం డబ్బుకు కూడా 75 శాతం హాజరు షరతు పెట్టారు. అంటే ఈ లెక్క పరీక్షకు, పథకానికి అర్హత చూసేది. హాజరు తగ్గితే ఆ ఏడాది డబ్బు రాకపోవచ్చు. అంతమాత్రాన ఎనిమిదో తరగతి లోపు పిల్లను బడి నుంచి తీసేసే అధికారం ఎవరికీ రాదు.

చట్టం ఏమంటోంది?

2009లో పార్లమెంటు చేసిన విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచితంగా, నిర్బంధంగా చదువు చెప్పించాలన్నది దాని సారం. మన విషయానికి ముఖ్యమైన సెక్షన్లు కొన్ని ఉన్నాయి.

16వ సెక్షన్: ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ పిల్లనూ బడి నుంచి బహిష్కరించరాదు. 2019లో ఈ సెక్షన్‌ను సవరించి, అయిదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష తప్పినవారిని అదే తరగతిలో ఉంచే వీలు ప్రభుత్వాలకు ఇచ్చారు. అయితే ముందుగా రెండు నెలల్లోపు మరోసారి పరీక్ష రాసే అవకాశం ఇవ్వాలి. తరగతిలో ఆపే విషయం మారింది గాని, బహిష్కరణ మీద ఉన్న నిషేధం అలాగే ఉంది.

4వ సెక్షన్: మధ్యలో చదువు మానేసిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వెనకబడిన పాఠాల కోసం ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 14 ఏళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగానే చెప్పాలి.

5వ సెక్షన్: ఊరు మారిన పిల్లకు అక్కడి ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారే హక్కు ఉంది. పాత బడి హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం మానకూడదు.

14, 15 సెక్షన్లు: పుట్టిన తేదీ కాగితం లేదన్న కారణంతో గాని, చేరే గడువు దాటిందన్న కారణంతో గాని అడ్మిషన్ నిరాకరించకూడదు.

"మేం బహిష్కరించలేదు, రాలేదు కాబట్టి పేరు తీశాం" అని కొందరు వాదిస్తారు. ఆ వాదనకు అదే చట్టంలోని 9వ సెక్షన్ జవాబు చెబుతోంది. తన పరిధిలోని ప్రతి పిల్ల బడిలో చేరేలా, రోజూ హాజరయ్యేలా, చదువు పూర్తి చేసేలా చూడవలసిన బాధ్యత స్థానిక సంస్థలదే. వలస కుటుంబాల పిల్లల సంగతి కూడా అందులో పేరు పెట్టి చెప్పారు. 24వ సెక్షన్ ప్రకారం పిల్లల హాజరు గురించి తల్లిదండ్రులతో మాట్లాడడం టీచరు విధుల్లో ఒకటి. 10వ సెక్షన్ తల్లిదండ్రులకూ విధి పెట్టింది: పిల్లను బడిలో చేర్చాలి. ఇవన్నీ కలిపి చదివితే అర్థమయ్యేది ఒక్కటే. పిల్ల రాకపోతే పెద్దలకు పని మొదలవుతుంది. పేరు కొట్టేసి ఆ పని ముగిసిందనుకోవడం ఈ చట్టం ఉద్దేశానికే విరుద్ధం.

పేరు ఉండి పిల్ల లేకపోతే?

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. పిల్లల సంఖ్యను బట్టే టీచరు పోస్టులు లెక్క కడతారు గనుక, కొన్ని చోట్ల నెలల తరబడి రాని పిల్లల పేర్లు అలాగే ఉంచేస్తారు. పిల్ల ఇటుక బట్టీలో మట్టి మోస్తుంటుంది, రిజిస్టరులో మాత్రం ఆరో తరగతి చదువుతుంటుంది. కాగితం మీద ఆమె బడిలోనే ఉంది కాబట్టి ఆమెను ఎవరూ వెతకరు. 45 రోజులు లేదా అంతకు మించి చెప్పకుండా బడికి రాని పిల్లను బడి బయటి పిల్లగా లెక్కించాలని కేంద్ర విద్యా శాఖ నిర్వచనం చెబుతోంది. ఆ లెక్క శిక్ష వేయడానికి కాదు. వెతికి తీసుకురావడానికి, ప్రత్యేక శిక్షణ ఇవ్వడానికి.

ఇప్పుడు పిల్లల వివరాలు యూడైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి ఎక్కాయి. ప్రతి పిల్లకు పెన్ అనే శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది. బడి మారినప్పుడు పాత బడి ఆ పేరును డ్రాప్ బాక్సులోకి వదలాలి, కొత్త బడి అక్కడి నుంచి తీసుకోవాలి. పాత బడి వదలకపోతే కొత్త బడి లెక్కలో పిల్ల పేరు ఎక్కదు. కొత్త బడి తీసుకోకపోతే పిల్ల డ్రాప్ బాక్సులోనే మిగిలిపోతుంది. కాబట్టి టీసీ చేతికి వచ్చిందని ఊరుకోకుండా ఆన్‌లైన్‌లో పేరు మారిందా అని రెండు బడుల్లోనూ అడగాలి.

మన బడుల మాటేమిటి?

ఇక్కడ సంఘాలుగా మనం ఆలోచించవలసిన సంగతి ఉంది. 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ప్రమతి ట్రస్టు కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం విద్యా హక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదు. ఎయిడెడ్ బడి అయినా, కాకపోయినా అంతే. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు మీద సందేహం వెలిబుచ్చి, విషయాన్ని విస్తృత ధర్మాసనం పరిశీలనకు పంపాలని కోరింది. అంటే మైనారిటీ హోదా ఉన్న మన మిషను బడులు, డయాసిస్ బడులు పిల్లల పేర్లు తీసేసినా 16వ సెక్షన్ చూపి నిలదీయడం కష్టం.

ఆ మినహాయింపు మన సంస్థలను మనమే నడుపుకునే హక్కును కాపాడడానికి వచ్చింది. బీద పిల్లను సులువుగా బయటికి పంపడానికి దాన్ని వాడుకోకూడదు. తెలుగు నేల మీద మిషను బడుల చరిత్ర ఏమిటో మనకు తెలుసు. ఇతరులు గుమ్మం ఎక్కనివ్వని మాల, మాదిగ పిల్లల పేర్లు మొదటిసారి రిజిస్టరులో ఎక్కింది చాలా చోట్ల ఆ బడుల్లోనే. 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొర మాదిగలను చేర్చుకున్నప్పుడు పట్టణంలోని పైకులాలవారు దూరమయ్యారు. ఆయన వెనక్కి తగ్గలేదు. ఆ మనవలు, మునిమనవలే నేడు మన సంఘాల్లో పెద్దలుగా ఉన్నారు. ఫీజు బకాయి ఉందని, పదో తరగతి ఫలితాల శాతం పడిపోతుందని తొమ్మిదో తరగతిలోనే ఒక పిల్లకు టీసీ చేతిలో పెట్టే బడి, గోడ మీద ఏ వాక్యం రాసుకున్నా ఆ చరిత్రకు వారసురాలు కాదు. తప్పిపోయిన ఒక్క గొఱ్ఱె కోసం వెళ్లిన కాపరి గురించి ప్రసంగించే మనం, రాని ఒక్క పిల్ల కోసం ఆ ఇంటి దాకా వెళ్లవద్దా? చట్టం అడగకపోయినా మన బడుల యాజమాన్యాలు ఈ నియమాన్ని తమంతట తామే రాసుకుని పాటించాలి.

తల్లిదండ్రులు, సంఘాలు చేయవలసినవి

జబ్బు చేసినా, ఊరు వెళ్లినా సెలవు చీటీ రాసి ఇవ్వండి. ఒక నకలు దగ్గర ఉంచుకోండి. రాయడం రానివారికి సండే స్కూలు టీచరు రాసిపెట్టవచ్చు.

వలస వెళ్లేముందు హెడ్మాస్టరును కలిసి సీజనల్ హాస్టలు ఉందేమో అడగండి. తల్లిదండ్రులు పనికి వెళ్లిన నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి పెట్టినవి అవి. పిల్లలను వెంట తీసుకెళ్లక తప్పకపోతే పెన్ నంబరు, ఆధార్ నకలు, స్టడీ సర్టిఫికెట్ పట్టుకెళ్లి అక్కడి ప్రభుత్వ బడిలో చేర్చండి.

పేరు తీసేశామంటే మాటతో వెనక్కి రావద్దు. తిరిగి చేర్చుకోమని రాతపూర్వకంగా హెడ్మాస్టరుకు అర్జీ ఇవ్వండి. కదలిక లేకపోతే మండల విద్యాధికారిని కలవండి. చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు, దాన్ని మూడు నెలల్లో తేల్చాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు ఉంది. పిల్ల పనిలో ఉందని, పెళ్లి చేయబోతున్నారని తెలిస్తే 1098కు ఫోను చేయండి.

చదువు ఆగిపోయిన ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. వయసు దాటినవారికి ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాసే దారి ఉంది. ప్రభుత్వ బడుల మేనేజ్‌మెంట్ కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. మన సంఘ స్త్రీలు ఆ కమిటీల్లో చేరితే ఎవరు రావడం లేదో ముందుగా తెలుస్తుంది.

సండే స్కూలుకూ ఒక హాజరు పుస్తకం ఉంటుంది. రెండు ఆదివారాలు రాని పిల్లల పేర్లు అందులో చూసి, ఆ ఇళ్లకు వెళ్లి, "బడికి వెళుతున్నారా?" అని అడిగే బాధ్యతను ప్రతి సంఘం ఇద్దరికి అప్పగించాలి. సంఘ పెద్దల తర్వాతి కూటంలోనే ఆ ఇద్దరెవరో నిర్ణయించుకోండి.