పాలలో మునిగే పండగలు

స్వీడన్ చలికాలపు ‘సెమ్లా’కూ కర్నూలు భక్ష్యానికీ ఎక్కడి చుట్టరికం? అక్కడ యాలకుల బన్నులో బాదం ముద్ద, పైన మీగడ. ఇక్కడ పలచటి రేకులో శనగపప్పు, బెల్లం, యాలకుల పూర్ణం. రెండింటినీ వేడి పాలలో వేసుకు తినేవాళ్లున్నారు. రెండింటికీ క్యాలెండర్‌లో ఓ రోజుంది.

రాజుగారి ఆఖరి విందు
స్వీడన్ రాజు అడాల్ఫ్ ఫ్రెడ్రిక్ 1771 ఫిబ్రవరి 12న విందారగించి, ఆ రోజే కన్నుమూశాడు. లాబ్‌స్టర్, చేప గుడ్లు, షాంపేన్ అన్నీ పుచ్చుకున్నాడు. చివర్లో పాలలో నానిన సెమ్లా తిన్నాడు. నింద మొత్తం సెమ్లా నెత్తినే పడింది!

తేదీ నిలవని మంగళవారం
ఈస్టర్‌కు 47 రోజుల ముందొచ్చే మంగళవారమే సెమ్లా పండగ. ఫిబ్రవరి 3కు ముందు రాదు, మార్చి 9 దాటదు. మర్నాటి నుంచి ఉపవాసాలు కాబట్టి ఆ రోజే కడుపునిండా తినేవారు. 16వ శతాబ్దంలో దేశం ప్రొటెస్టెంట్ బాట పట్టాక ఉపవాసాలు పోయాయి, తిండి మిగిలింది. ఇప్పుడు కొత్త సంవత్సరం రాగానే బేకరీల్లో సెమ్లాలు కనిపిస్తాయి.

చుట్టేసిన సెమ్లా
2015లో స్టాక్‌హోమ్‌లోని టోస్సెబాగెరియెట్ బేకరీ, బన్నును చపాతీలా పరిచి, బాదం, మీగడ పెట్టి చుట్టేసింది. సంప్రదాయవాదులు నొసలు చిట్లించినా జనం ఎగబడ్డారు.

రాజు ముఖంతో కేకు
1632లో లూట్సెన్ యుద్ధంలో చనిపోయిన రాజు గుస్తావ్ అడాల్ఫ్‌ను స్వీడన్‌వాళ్లు ఏటా నవంబర్ 6న తలుచుకుంటారు. ఆయన ముఖచిత్రం పెట్టిన కేకులు తింటారు.

మంచుకు పండే పూర్ణం
కర్నూలు నల్లరేగళ్లలో పప్పుశనగను అక్టోబర్, నవంబర్‌లో విత్తుతారు. నీళ్లు పెట్టకపోయినా నేలలోని చెమ్మ, శీతాకాలపు మంచు చాలు. కోతలు ముగిసేసరికి ఉగాది దగ్గరపడుతుంది. భక్ష్యాల్లోకి కొత్త పప్పు సిద్ధం!

అల్లుడి గడప
దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరాలయానికి ఉగాది నాడు ముస్లింలు బారులు తీరి టెంకాయ కొడతారు. స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచనీ, ఆయన తమ అల్లుడనీ వాళ్ల నమ్మకం. పండగకు అల్లుళ్లు అత్తారింటికి వెళ్లడం ఊరూరా ఉన్నదే. అత్తింటివారే అల్లుడి గడప తొక్కే ఉగాది మాత్రం కడపది.