హిమ స్ఫటికాలకు ఛాయాచిత్రాలు తీసిన రైతు

తెలుగు నాట మంచు అనగానే పుష్య మాసపు తెల్లవారుజామున గడ్డిపరకలపై నిలిచే బిందువులో, పొలాలను కమ్ముకొనే పొగమంచో జ్ఞాపకం వస్తుంది. శీతల దేశాలలో ఆకాశం నుండి దూదిపింజల వలె రాలే హిమం వేరు. ఒక్కొక్క పింజలో అనేక చిన్న స్ఫటికాలు చిక్కుకొని ఉంటాయి. ఆ స్ఫటికాలకు ఆరు కోణాలు ఉండడానికి కారణం ఏమిటని జోహాన్నెస్ కెప్లర్ 1611 లోనే ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. కాని అరచేతిలో పడిన స్ఫటికం చూస్తూ ఉండగానే నీరవుతుంది. దాని రూపాన్ని నిలిపి పదిమందికి చూపడం ఎట్లా? ఈ పనిని గొప్పగా సాధించినవాడు ఆచార్యుడు కాడు. వ్యవసాయం వృత్తిగా, ఛాయాగ్రహణం వ్యాసంగంగా జీవించిన ఒక పల్లెటూరి రైతు. అతని పేరు విల్సన్ బెంట్లీ.

బెంట్లీ 1865 లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, జెరికో గ్రామంలో జన్మించాడు. తల్లి పూర్వం ఉపాధ్యాయినిగా పనిచేసింది. పిల్లవానికి ఇంటివద్దనే చదువు చెప్పి, పదిహేనవ ఏట ఒక సూక్ష్మదర్శినిని ఇచ్చింది. దానిలో హిమ స్ఫటికాన్ని చూచిన బాలుడు ఆ అందాన్ని కాగితంపై గీయబూనాడు. బొమ్మ సగం కాకముందే స్ఫటికం కరిగిపోయేది. చేతికంటె వేగంగా పనిచేసే సాధనం కావలసి వచ్చింది. పాలమ్మి బ్రతికే తండ్రికి ఈ పని ఏమంత ప్రయోజనకరంగా తోచలేదు. అయినా చివరకు ఒప్పుకొని కెమెరాను, దానికి తగిన సూక్ష్మదర్శినిని కొనిపెట్టాడు.

ఓటములు నేర్పిన పాఠం

బెంట్లీ అంతకుముందు ఎన్నడూ ఫోటో తీసి ఎరుగడు. నేర్పేవారు దగ్గర లేరు. తిత్తి గల కెమెరాకు కటకం స్థానంలో సూక్ష్మదర్శినిని అమర్చాడు. తిత్తిని సాగదీసినప్పుడు, వెనుక అద్దంపై బింబాన్ని చూచేవాని చేయి ముందున్న మరకు అందదు. అందుచేత త్రాళ్లు, చక్రాలు కట్టి, వెనుక నిలబడియే బింబాన్ని సరిచేసుకొనే ఏర్పాటు చేసుకొన్నాడు.

అయినా మొదటి చిత్రాలు మసకగా వచ్చాయి. హిమ స్ఫటికం గాజువలె పారదర్శకమైనది. వెనుకనుండి వెలుతురు ఎక్కువగా వస్తే దాని అంచులూ గీతలూ ఆ వెలుతురులో లీనమైపోతాయి. కాంతి ప్రవేశించే రంధ్రాన్ని బాగా చిన్నది చేస్తే గీతలు స్పష్టపడతాయి. కాని అప్పుడు పలకపై కాంతి పడవలసిన కాలం పెరుగుతుంది. ఆ లోపల స్ఫటికం చెడిపోయే భయం ఉంది. గడ్డకట్టే చలిలో సైతం అది కరగకుండానే ఆవిరై క్షీణిస్తుంది. స్పష్టతకూ కాలానికీ మధ్య ఈ బేరాన్ని కుదుర్చుకోవడానికి అతనికి కొన్ని శీతకాలాలు పట్టాయి. చివరకు 1885 జనవరి 15 న, ఇరవై ఏండ్లు నిండకముందే, ఒక హిమ స్ఫటికపు చక్కని సూక్ష్మచిత్రాన్ని తీయగలిగాడు.

అతని పద్ధతి సులభమైనదే. నల్లని పలకపై హిమాన్ని పట్టి, మంచి స్ఫటికాన్ని ఎన్నుకొని, సన్నని పుల్లతో గాజు బిళ్లపైకి చేర్చి, పక్షి ఈకతో మెల్లగా అదిమేవాడు. ఇదంతా వేడి లేని కొట్టంలో, ఊపిరి తగలకుండా జరగవలసిందే. తన జీవితంలో ఇట్లా ఐదు వేలకు పైగా చిత్రాలు తీశాడు.

విద్యను పంచుకోవడం

బెంట్లీ తన పనిని పెట్టెలో దాచుకోలేదు. వెర్మాంట్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జార్జి పెర్కిన్సుతో కలిసి 1898 లో ఒక వ్యాసం ప్రకటించాడు. పాఠశాలలకూ కళాశాలలకూ గాజు చిత్రాలను ఒక్కొక్కటి ఐదు సెంట్ల వంతున, లాభం చూచుకోకుండా ఇచ్చాడు. తాను అవలంబించిన విధానాన్ని పత్రికలలో వివరించాడు.

పంచుకొన్న విద్యకు పరీక్ష తప్పదు. తెల్లని స్ఫటికం నల్లని వెనుకతలంపై ఎద్దేరి కనిపించడానికి బెంట్లీ నెగెటివ్ నకలుపై, స్ఫటికం చుట్టూ ఉన్న పూతను కత్తితో గోకి తీసేవాడు. పూత పోయినచోట కాంతి పూర్తిగా ప్రసరించి, ముద్రించిన చిత్రంలో ఆ భాగం నల్లబడుతుంది. ఈ పనిలో అసలు అంచు మారే అవకాశం ఉన్నదని జర్మన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు గుస్తావ్ హెల్మన్ విమర్శించాడు. విమర్శలో న్యాయం లేకపోలేదు. అంతేగాక బెంట్లీ ఎన్నుకొన్నవి సౌష్ఠవం గల స్ఫటికాలు. ప్రకృతిలో విరిగినవి, వంకరవే ఎక్కువ. అందమైన చిత్రాన్ని చూచినప్పుడు దానిని ఎట్లా ఎన్నుకొన్నారు, ఎట్లా తయారు చేశారు అని అడగడం విజ్ఞాన విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠం.

రూపానికి కారణం

1931 లో బెంట్లీ చిత్రాలు రెండు వేలకు పైగా, డబ్ల్యు. జె. హంఫ్రీస్ వ్రాసిన వివరణతో గ్రంథంగా వెలువడ్డాయి. వాటిని చూచి ఆసక్తి పెంచుకొన్న జపాన్ శాస్త్రజ్ఞుడు ఉకిచిరో నకాయా 1936 లో, హొక్కయిదో విశ్వవిద్యాలయంలో, కుందేలు వెంట్రుకపై కృత్రిమంగా హిమ స్ఫటికాన్ని పెంచాడు. ఉష్ణోగ్రతా తేమా మారితే రూపం మారుతుందని నిరూపించాడు. సున్నకు దిగువ 2 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పలుచని బిళ్లలు, 5 డిగ్రీల దగ్గర సూదులు, 15 డిగ్రీల దగ్గర కొమ్మలు వేసిన నక్షత్రాలు ఏర్పడతాయి. మంచుగడ్డలో నీటి అణువులు షడ్భుజాకారంగా అమరడం ఆరు కోణాలకు మూలం. పొడుచుకు వచ్చిన మూలలకు గాలిలోని నీటి ఆవిరి ముందుగా చేరడం వలన అక్కడ కొమ్మలు మొలుస్తాయి.

తరగతిలో చేయదగిన ప్రయోగం

హిమం కురవని మన జిల్లాలలోనూ బెంట్లీ చూపిన ఒక మార్గం ఉపయోగపడుతుంది. 1898 మొదలు 1904 వరకు అతడు వాన చినుకులను కొలిచాడు. పళ్లెంలో జల్లించిన పిండిని అంగుళం మందాన, అదమకుండా పరచి, వానలో కొన్ని సెకండ్లు ఉంచాడు. చినుకు పడినచోట పిండి ఉండ కడుతుంది. ఆరిన పిమ్మట జల్లిస్తే ఉండలు మిగులుతాయి. వాటి పరిమాణం చినుకు పరిమాణానికి దగ్గరగా ఉంటుందని, తెలిసిన కొలతగల బొట్లను పిండిలో వేసి సరిచూచుకొన్నాడు. అతడు చూచిన పెద్ద చినుకులు సుమారు పావు అంగుళం వ్యాసం గలవి.

విద్యార్థులు తొలకరి జల్లులోనూ, తుఫాను వానలోనూ ఈ ప్రయోగం చేసి పోల్చవచ్చు. బొట్టుగొట్టంతో నూరు బొట్లను కొలజాడీలోకి వదలి, వచ్చిన ఘనపరిమాణాన్ని నూరుతో భాగిస్తే ఒక బొట్టు కొలత తెలుస్తుంది. అటువంటి బొట్లను పిండిలో వేసి, ఆ ఉండలతో వాన ఉండలను సరిచూడవచ్చు. ఉండలను స్కేలు ప్రక్కన పేర్చి ఫోటో తీసి, తేదీ వేసి ఉంచితే, మరుసటి ఏటి విద్యార్థులకు పోలిక దొరుకుతుంది.

గ్రంథం వెలువడిన కొద్ది వారాలకే, హిమపాతంలో నడిచివచ్చిన బెంట్లీకి న్యుమోనియా సోకి, 1931 డిసెంబరు 23 న అతడు మరణించాడు. చివరివరకు రైతుగానే జీవించాడు. అతడు తీసిన స్ఫటికాలన్నీ ఏనాడో కరిగిపోయాయి. వాటి గాజు పలకలు మాత్రం బఫెలో నగరపు విజ్ఞాన ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి.