త్రాగుడు తలంపును కొలవవచ్చునా?



"బి.పి. ఎంతుందో చూడండి, షుగరు చూడండి" అని అడిగేవారిని మేము ప్రతిదినం చూస్తాము. "నా త్రాగుడు ఎంతవరకు వచ్చిందో చూడండి" అని అడిగేవారు అరుదు. డాక్టరుగారే అడిగితే భర్త "ఎప్పుడైనా ఒక్క క్వార్టరండీ" అంటాడు. ప్రక్కనున్న భార్య తల దించుకుంటుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం వెల్లడించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో సుమారు ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగిలినవారి ఇళ్ళలో ఏమి జరుగుతున్నదో మన ఊళ్ళలో అందరికీ తెలుసు.

ఎంత త్రాగుతున్నారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 'ఆడిట్' అనే పత్రంలో 10 ప్రశ్నలు ఉన్నాయి. ఎన్నిసార్లు, ఎంత త్రాగుతారు? మొదలుపెట్టాక ఆపలేకపోయారా? ఉదయం లేవగానే కావలసివచ్చిందా? మొత్తం 40 మార్కులు. 8 వచ్చినా, అంతకు మించినా జాగ్రత్తపడాలి. 20 చేరితే నిపుణులు పరీక్షించాలి. 'ఒక్క క్వార్టరే' అనుకునే 180 మి.లీ. బ్రాందీ ఈ లెక్కలో సుమారు 6 డ్రింకులు!

మనసును ఎంతగా పట్టింది?

త్రాగిన కొలత ఒకటి, ఆ తలంపు మనసును పట్టిన కొలత మరొకటి. రెండవదాని కోసం 1995లో అమెరికాలో డాక్టర్ రేమండ్ ఆంటన్, ఆయన సహచరులు 14 ప్రశ్నల కొలమానాన్ని ప్రకటించారు. చేతులు పదేపదే కడుగుకొనుట వంటి మానసిక వ్యాధికి వాడే కొలమానమే దీనికి ఆధారం. త్రాగనప్పుడు కూడా రోజులో ఎంతసేపు అదే ఆలోచన? దానిని త్రోసివేయగలుగుతున్నారా? దానివల్ల పని చెడుతున్నదా? ఇటువంటి ప్రశ్నలకు 0 నుండి 4 వరకు మార్కులు ఉంటాయి. గంజాయి, నిద్రమాత్రలు, పొగాకు వంటివాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థవారి 'అసిస్ట్' పత్రం ఉంది. గత 3 నెలలలో ఎంత తరచుగా బలమైన కోరిక కలిగిందో అందులోనూ అడుగుతారు.

దీక్షలో ఉన్నంతకాలం, లేదా శ్రమకాలపు 40 దినాలు ముట్టనివారు మనలో ఎందరో ఉన్నారు. "చూశారా, నేను మానగలను" అంటారు. సంతోషమే. కాని ఆ దినాలను వ్రేళ్ళమీద లెక్కపెట్టుకొని, చివరి సాయంత్రమే దుకాణం దగ్గర నిలబడితే? చేయి మానింది గాని మనసు మానలేదు. ఆ సంగతిని ఈ ప్రశ్నలు బయటపెడతాయి. చికిత్స మొదలైన తరువాత మరల మరల అడిగితే, మార్కులు తగ్గుతున్నవో లేదో తెలుస్తుంది. తగ్గి మరల పెరిగితే, పడిపోకముందే జాగ్రత్తపడవచ్చు.

ఇవి గుణగణాలకు వేసే మార్కులు కావు. జ్వరానికి థర్మామీటరు ఎటువంటిదో ఇవీ అటువంటివే. అబద్ధం చెబితే థర్మామీటరును చన్నీళ్ళలో ముంచినట్లే. అందుకే రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగడం మంచిది. అందరి ముందు నిలదీయవద్దు.

ఒక హెచ్చరిక

ఏళ్ళతరబడి రోజూ త్రాగేవారిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించవద్దు. ఒక్కసారిగా మానితే మొదటి రెండు మూడు దినాలలో వణుకు, చెమటలు, ఫిట్సు రావచ్చు. లేనివి కనబడవచ్చు. ప్రాణాపాయం కూడా ఉంది. వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి.

ఇచ్ఛాపురం నుండి భోగాపురం వరకు ఎక్కడివారైనా 14446 నంబరుకు గాని, మానసిక సహాయానికి 14416కు గాని ఉచితంగా ఫోను చేయవచ్చు. ఈసారి బి.పి. చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు కూడా మీరే అడిగించుకోండి. నిజం చెప్పిన దినమే వైద్యం మొదలైన దినం.